పై చదువులకు బోవువారి బస

ప్రతి సంవత్సరమును వేసవి సెలవులు ముగియు దినములలో మన పాఠశాల వసారాలో మేము కూర్చుండియుండగా, పూర్వ విద్యార్థులు కొందరు కాగితములు చేతబట్టుకొని వచ్చుచుందురు. ఇచ్చట పదవ తరగతి ముగించి, రెండేండ్లు ఇంటర్మీడియెట్ చదివి, విశ్వవిద్యాలయమునందో దానికి చేరిన కళాశాలయందో సీటు సంపాదించినవారు వీరు. ఏ శాఖ మంచిది, ఏ కళాశాలకు పేరున్నది, రుసుమెంత, ముందు ఉద్యోగము దొరకునా అని పలువిధముల ప్రశ్నింతురు. రాత్రి ఎచ్చట పరుండవలెను, ఎవరి చేతి అన్నము తినవలెను అను ప్రశ్న మాత్రము వారి నోట రాదు. వెంటవచ్చిన తండ్రి నడిగినచో, "ఏదో యొక హాస్టలు దొరకకపోవునా మాస్టారూ" అనును. మూడు నాలుగు సంవత్సరములు కాపురముండబోవు చోటును గూర్చి మనవారు చేయు విచారణ, ఒక జత చెప్పులకై చేయు బేరమంతయైనను ఉండదు.

ఈ వ్యాసము వ్రాయుటకు మాకొక కారణము కలదు. అది మా తప్పిదమే గనుక ముందుగనే చెప్పివేయుట మేలు.

కొన్ని యేండ్ల క్రిందట మా విద్యార్థి యొకడు, మిక్కిలి బుద్ధిమంతుడు, ఒక పెద్ద పట్టణమున డిగ్రీ తరగతిలో చేరెను. హాస్టలులో గదికి నలుగురట, అల్లరి యెక్కువట, చదువు సాగునో సాగదో యని మా సలహా నడిగెను. "నీవంటివానికి ఏకాంతమే మంచిది, చిన్నగది యొకటి అద్దెకు తీసికొనుము" అని మేమే చెప్పితిమి. అతడట్లే చేసెను. మేడమీద మేడ, ఆపైన ఒంటిగది. భోజనము రెండుపూటలును క్యారియరులో వచ్చెడిది. ఇంటి యజమాని క్రింద నుండెను గాని, అద్దె దినమున తప్ప మెట్లెక్కువాడు కాడు. మూడవ నెలలో బాలునికి జ్వరము తగిలెను. అది కామెర్లుగా తేలుటకు ముందు నాలుగు దినములు అతడు మంచము దిగలేదు. తరగతిలో వందమందికి పైగా నున్నారు. హాజరుపట్టీలో అతని పేరునకు ఎదుట గైరుహాజరు పడుచుండెను, అంతే. తల్లి ఫోను చేసినపుడెల్ల "బాగుగనే యున్నానమ్మా" అనెను. నాలుగవనాటి రాత్రి క్యారియరు తెచ్చు కుర్రవాడు, మధ్యాహ్నపు క్యారియరు మూతయైనను తీయబడక గడపవద్దనే యుండుట చూచి, తలుపు తట్టెను. పలుకు లేకపోగా యజమానిని పిలుచుకొని వచ్చెను. బాలుడు బ్రదికెను. సంవత్సరము పోయినది. మేము ఆసుపత్రికి బోయినపుడు అతని తల్లి మమ్ము నిందింపలేదు. "మీరు చెప్పితిరనియే గది తీసికొన్నాడు మాస్టారూ" అని మాత్రము మెల్లగా ననెను.

అప్పటినుండి బసను గూర్చి మేము ముందుగా అడుగు ప్రశ్న అద్దె యెంతయని కాదు, చదువుకొనుటకు నిశ్శబ్దముగా నుండునా యనియు కాదు. ఒకపూట నీవు భోజనమునకు రాకపోయినచో ఎవరు వచ్చి తలుపు తట్టుదురు? ఇదియే ప్రశ్న. తక్కినవన్నియు దీని వెనుక.

ఈ కొలత క్రొత్తది కాదు. పూర్వము తెలుగునాట పేద బాలురు పట్టణములకు బోయి వారములు చేసికొని చదివెడివారు. సోమవారము ఒక యింట, మంగళవారము మరియొక యింట, ఇట్లు ఏడు దినములకు ఏడిండ్లు కుదుర్చుకొని భుజించుచు, రాత్రి యే సత్రపు అరుగుమీదనో, వకీలుగారి వసారాలోనో పరుండెడివారు. అందు అవమానములు లేకపోలేదు; చారులో నీళ్లు కలిపి వడ్డించిన యిల్లాండ్రును ఉండిరి. అయినను బుధవారపు పిల్లవాడు బుధవారము రాకున్న ఆ యింటివారికి తెలియును. ఎండ వాలువేళకు ఏమైనదో చూచి రమ్మని ఎవరినైన పంపుదురు. కాని ఆ గడపలు అందరికిని తెరచియుండినవి కావు. మా తాతల కాలమున మా వాడలనుండి చదువబోయిన బాలునికి వారమిచ్చు ఇల్లే లేదు. మిషను బోర్డింగు బడులు చదువును, కూడును ఒక్కచోట చేర్చుటకు ఇదియు నొక కారణము.

పిమ్మట పట్టణములలో ఒక్కొక్క వర్గమువారు తమ బాలురకై వసతి గృహములు కట్టించుకొనిరి. హైదరాబాదులోని రెడ్డి హాస్టలు 1918 లో ఏర్పడెను; గోలకొండ పత్రిక సంపాదకులుగా పేరు గన్న సురవరము ప్రతాపరెడ్డిగారు అందు పనిచేసినవారే. ఆ యేటనే ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసెను. 1926 లో బెజవాడయందు పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1930 లో వాల్తేరునకు తరలెను. మదరాసు క్రిస్టియన్ కళాశాల 1937 లో జార్జిటౌను సందడి విడిచి తాంబరము చేరినపుడు సేలయూరు, సెయింట్ థామస్, బిషప్ హెబర్ అను మూడు హాలులు దానితో వెలసెను. అచ్చటి పూర్వ విద్యార్థిని పలుకరించి చూడుడు. ఏ తరగతిలో చదివితివన్న ప్రశ్నకంటె ముందు ఏ హాలులో నుంటివన్న ప్రశ్నకు బదులు చెప్పును.

బస పోయినచో చదువు పోవుననుటకు 1938 వ సంవత్సరపు ఉస్మానియా కథకంటె వేరు నిదర్శనము అక్కరలేదు. అక్కడి వసతి గృహములలో వందేమాతర గీతము పాడుట నిషేధింపబడెను. మానుకొనని విద్యార్థులు మొదట హాస్టళ్లనుండియు, తరువాత విశ్వవిద్యాలయము నుండియు వెడలగొట్టబడిరి. నాగపూరు విశ్వవిద్యాలయము తలుపు తెరచుటచేత పెక్కురి చదువు నిలిచెను. తరువాత మన దేశమునకు ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావుగారు అట్లు నాగపూరు చేరినవారిలో నొకరు.

ఇక ఇప్పటి మాట. విశ్వవిద్యాలయపు హాస్టలు దొరకినచో మరి యోచింపక అందు చేరుడని మేము చెప్పుదుము. గోడకు సున్నము రాలుచుండును. స్నానపు గదివద్ద ఉదయము బారులు తీరవలెను. పప్పులో పప్పును వెదకవలెను. అయినను వార్డెను అను నొక మనుష్యుడు అచ్చట బాధ్యుడై యుండును, పుస్తకములో నీ పేరుండును, ప్రక్క మంచముమీద నొకడుండును. ఒక హెచ్చరిక: కళాశాలలో సీటు వచ్చినంతమాత్రమున హాస్టలు వచ్చినట్లు కాదు. పెక్కుచోట్ల దానికి దరఖాస్తు వేరు, గడువు వేరు. సీటు వచ్చిన సంబరములో వారము దినములు బంధువులయిండ్లు తిరిగి, హాస్టలు గడువు దాటించుకొన్నవారిని మేమెరుగుదుము.

హాస్టలు భోజనపు లెక్కను గూర్చి కొంచెము వివరింతుము. తలిదండ్రులు ఎక్కువగా పొరబడునది ఇచ్చటనే. పలు హాస్టళ్లలో మెస్సునకు నిర్ణయమైన రుసుము లేదు. నెల ఖర్చునంతయు కూడి, అందరును భుజించిన దినముల సంఖ్యచే భాగింతురు. దీనిని డివైడింగు పద్ధతి యందురు. ఊహకొరకు ఒక లెక్క చూడుడు. నూరుగురు విద్యార్థులు తలకు 30 దినముల చొప్పున భుజించిరనుకొందము. మొత్తము 3,000 దినములు. బియ్యము, కూరలు, పాలు మొదలగువానికి 2,10,000 రూపాయలు. వంటవారి జీతములు మున్నగు మారని ఖర్చులు 60,000 రూపాయలు. దినమునకు 70 యును 20 యును కలిసి 90 రూపాయలగును. ఇపుడు పండుగకు పలువురు ఇండ్లకు బోయి, భుజించిన దినములు 2,000 కు దిగెననుడు. సరకుల ఖర్చు దానితో తగ్గి, తలకు 70 గానే నిలుచును. వంటవాని జీతము మాత్రము తగ్గదు. 60,000 రూపాయలు 2,000 దినములమీద పడి, దినమునకు 30 అగును. 90 కి మారుగా 100 రూపాయలు! ఇంటికి పోయినవారికి బిల్లు తగ్గును, నిలిచినవారికి దర పెరుగును. "పోయిన నెల యింత రాలేదే, మావాడు మధ్యనెంతో తినివేసినాడు" అని కొడుకును శంకించు తండ్రి ఈ భాగహారము నొకమారు చేసి చూడవలెను. విద్యార్థులే మెస్సు కార్యదర్శిని ఎన్నుకొను చోట్ల ఆ పని ఒక నెలయైనను చేసి చూచుట మంచిది. బజారులో కూరగాయల బుట్టలు తూచి తెచ్చి, రాత్రి లెక్క కుదరక తల పట్టుకొన్నవానికి అంకగణితము మరల మరచుట యుండదు.

గదిలోని సహవాసము మాట. మేము శిక్షణ కళాశాలలో చదువునపుడు పొడవైన యొక గదిలో పన్నెండుగురము ఇనుపమంచములపై నుంటిమి. మా ప్రక్క మంచమువారు అనంతపురము జిల్లావారు; తెల్లవారుజామున నాలుగింటికే లేచి పాఠములు బిగ్గరగా వల్లించెడివారు. మొదటి నెల వారిని మనస్సులో తిట్టుకొంటిమి. రెండవ నెలలో వారి గొంతునుండి వినియే సగము మనస్తత్వశాస్త్రము మాకు వచ్చినది. రాగిసంకటి కొరకు వారు బెంగపడుటయు, మా గోంగూరను చూచి ముఖము చిట్లించుటయు జ్ఞాపకమే. వారు పలుకు తెలుగు మాకును, మేము పలుకు తెలుగు వారికిని నవ్వు పుట్టించెడివి. ఏ తెలుగు సరియైనదో యిప్పటికిని తేలలేదు.

ర్యాగింగు భయముచేత హాస్టలు మానుకొందుమనువారు కలరు. భయము వట్టిది కాదు. చట్టమును వట్టిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1997 లోనే ర్యాగింగును నేరముగా నిషేధించు చట్టము వచ్చెను. 2009 లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము చేసిన నియమముల ప్రకారము, మొదటి సంవత్సరమువారిని సాధ్యమైనంత మట్టుకు వేరు భవనమున నుంచవలెను. విద్యార్థియు, తల్లియో తండ్రియో కూడ ప్రమాణ పత్రమును వ్రాసి యీయవలెను. కొట్టుట తిట్టుట మాత్రమే కాదు, పెద్ద తరగతివారు తమ రాతపనిని చిన్నవారిచేత చేయించుకొనుటయు ర్యాగింగులోనికే వచ్చును. దేశమంతటికి నేర్పరచిన 1800-180-5522 అను ఫోను సంఖ్యను పుస్తకములో కాదు, కంఠమున నుంచుకొనుడు.

హాస్టలు దొరకనివారు ప్రైవేటు హాస్టళ్లకు పోవుదురు. హైదరాబాదు అమీరుపేట, సంజీవరెడ్డినగరు వీధులలో నడచి చూచినవారికి తెలియును. మేడ మేడకును ఒక హాస్టలు పలక వ్రేలాడుచుండును. గదికి ఇద్దరు, ముగ్గురు, నలుగురు అని దర మారును. వీనిలో మంచివి లేవనము. కాని పలకమీది బొమ్మ చూచి సొమ్ము కట్టరాదు. తండ్రియు బిడ్డయు కలిసి పోయి, రాత్రి భోజనపు వేళ చూడవలెను. పగటిపూట అన్ని గదులును శుభ్రముగనే కనబడును. మెట్లెన్ని? క్రింద దుకాణములుండి, పైన నాలుగంతస్తుల మంచములకు ఒక్కటే యిరుకు మెట్లవరుస యున్నచో, నిప్పంటుకొన్ననాడు దిగుట యెట్లు? కిటికీ తెరచుకొనునా, ఆవలివైపు గోడయేనా? ఎందరికొక మరుగుదొడ్డి? త్రాగునీరు ఎచ్చటిది? ఆదివారము రాత్రి వంట కలదా? ముందు కట్టించుకొను అడ్వాన్సులో విడిచిపోవునపుడు ఎంత తిరిగి యిత్తురో, ఎన్ని దినముల ముందు చెప్పవలెనో నోటిమాటగా కాక రశీదుమీద వ్రాయించుకొనవలెను. పన్ను పేరు చెప్పి అదనముగా నడుగువారును కలరు. 2024 లో జి.ఎస్.టి. మండలి తీసికొన్న నిర్ణయముచేత, నెలకు మనిషికి 20,000 రూపాయలు దాటని బస, విడువక 90 దినములైన నున్నచో, ఆ పన్నునకు లోబడదు. ఈ మాట మర్యాదగా చెప్పిన చాలును.

వీనికన్నిటికిని వెనుక మా ప్రశ్న నిలిచియే యున్నది. ప్రైవేటు హాస్టలులో భోజనమునకు ఎవరు వచ్చిరి, ఎవరు రాలేదు అని చూచువారు సామాన్యముగా నుండరు. నలుగురు పడుకొను గదిలోనే నలుగురును నాలుగు వేళలకు వత్తురు. ఒకడు రాత్రి యుద్యోగి, ఒకడు పరీక్షలకు చదువువాడు, ఒకడు పని వెదకువాడు. కావున ఒక్కగదికి పోవునెడల ఒకే తరగతివారిద్దరైనను కలిసి పోవుడు.

గది తీసికొని వండుకొనుట చౌకయని పలువురి నమ్మకము. ముగ్గురు కలిసి, ఒకనికైనను వంట వచ్చి, అంట్లు తోముటకు వంతులు నిలిచినచో చౌకయే. నిలువవు. రెండవ నెలకే గిన్నెలు మురుగును. మూడవ నెలకు బజారు బిర్యానీ ఖర్చు హాస్టలు బిల్లును మించును. కళాశాలకు దూరమైన కొలది అద్దె తగ్గుననుటయు నిజమే; తగ్గిన అద్దె బస్సులలో పోవు రెండు గంటల వెలను తీర్చునా యని లెక్క వేసికొనుడు.

బంధువుల యిల్లు మరియొక మార్గము. పినతల్లి యింటనో మేనమామ యింటనో ఉన్నచో తలుపు తట్టువారు లేరను భయము లేదు. తట్టుట యెక్కువయని బాధ. అయినను ఆ యింటివారికి మన బిడ్డ భారమగునని మనస్సున నుంచుకొని, నెలనెల బియ్యమో సొమ్మో పంపు తలిదండ్రులు మిక్కిలి తక్కువ. "మనవాళ్లే గదా" అని యూరకుందురు. ఆ మాట ఇంటివారు అనవలసినది, మనమనవలసినది కాదు. పైగా బంధువు పిల్లలకు పాఠములు చెప్పుట, నీళ్లు పట్టుట, పెండ్లికి తోడుపోవుట, ఇవన్నియు ఆ బాలునిమీద పడును. ఆడపిల్లయైనచో వంటయిల్లును పడును.

ఆడపిల్లల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పుదుము. వారి హాస్టలు ద్వారము సాయంకాలము తొందరగా మూసివేయుటచేత, మగపిల్లలు గ్రంథాలయమున చదువుచుండగా ఆడపిల్లలు గదులలోనికి పోవలసివచ్చు చోట్లున్నవి. తండ్రులకు అది ధైర్యము. మాకును ఆడబిడ్డ కలదు; ఆ ధైర్యమేమో మేమెరుగుదుము. కాని విశ్వవిద్యాలయ నిధుల సంఘము నియమించిన సక్షమ్ సంఘము 2013 లో, రక్షణ పేరిట స్త్రీ విద్యార్థులకు వేరు నిబంధనలు పెట్టరాదని చెప్పినది. ద్వారము మూయు వేళకంటె, ద్వారమునుండి గ్రంథాలయమునకు బోవు బాటమీద దీపములున్నవా యని తండ్రులు చూడవలెనని మా యభిప్రాయము.

సొమ్ము మాట క్లుప్తముగా. సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ, వెనుకబడిన తరగతుల శాఖల కళాశాల హాస్టళ్లు మన బాలురు పెక్కురకు ఆధారము. అర్హతయున్నవారు అందు చేరుటకు సిగ్గుపడవలసిన పని లేదు. ఇతర సహాయముల పేరులును నియమములును ప్రభుత్వములతో మారుచుండును. 2020 లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వసతి దీవెన యను పేరున డిగ్రీ చదువువారికి ఏటికి 20,000 రూపాయలు తల్లుల ఖాతాలలో వేయ మొదలిడెను. ఆ పేరు ఇప్పుడు లేదు. ఏ సహాయమైనను బిల్లు వచ్చినతరువాత వచ్చునదే. మొదటి మూడు నెలల మెస్సు సొమ్ము చేత నుంచుకొని బయలుదేరుడు. ఆ సొమ్ము లేక, స్నేహితుని గదిలో పేరు లేని అతిథిగా నేలమీద పరుండి చదువువారు ప్రతి విశ్వవిద్యాలయమునను కలరు. వారి పేరు ఏ పుస్తకములోను ఉండదు.

కామెర్లు సోకిన ఆ బాలుడు మరుసటి యేడు హాస్టలులోనే చేరి, డిగ్రీ ముగించి, ఇప్పుడు ఒక పట్టణమున బ్యాంకులో పనిచేయుచున్నాడు. అతడును, వేర్వేరు పట్టణములలో నున్న మన పూర్వ విద్యార్థులు మరికొందరును, క్రొత్తగా వచ్చినవారిని మొదటి నెలలో ఒకమారైన పోయి చూచుటకు ఒప్పుకొనిరి. అందుకై మా గదిలో ఒక పుస్తకము పెట్టితిమి. పై చదువులకు బోవువారు బయలుదేరుటకు ముందు వచ్చి వ్రాయవలెను. మొదటి గడిలో పేరు, రెండవ దానిలో కళాశాల, మూడవ దానిలో బస చిరునామా; నాలుగవ గడిలో, భోజనమునకు రాకున్న తెలిసికొనువారి పేరు. గడచిన యేడు పదునేడుగురు వ్రాసిరి. నాలుగవ గడిని ఆరుగురు ఖాళీగా విడిచిరి. ఆ యారుగురి చిరునామాలను ముందుగా పంపితిమి.